మూడు గంటల పెరటి తలుపు

దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయని ఎవరు పుట్టించేరో నాకు తెలీదు. నేను చూసినవి మధ్యాహ్నం మూడింటికి వచ్చేయి. బయట ఎండ కాస్తుండగా వచ్చేయి. గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని మరీ వచ్చేయి.

మా రాజోలులో ఆ వేళకి చప్పుడుండదు. అన్నాలు తిని ఊరంతా కునుకు తీస్తుంది. ఆటోలవాళ్ళు కాలవగట్టున నీడ చూసుకుని, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుంటారు. ఎక్కడో కొబ్బరి మట్ట రాలితే నాలుగిళ్ళకి వినపడుతుంది. ఆ గంటలో నేను మాత్రం నిద్రపోను. పెరటి తలుపు గడియ తీస్తాను. రెండు గాజు గ్లాసులు కడిగి బల్ల మీద పెడతాను. స్టవ్ మీద కాఫీకి నీళ్ళు పడేస్తాను. నాలుగు దాటేక తలుపు వేసేస్తాను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఒక్కదాన్నే ఉంటాను. కావాలనే ఉంటాను. ఒక్కత్తే ఉండే ఆడది రోజూ రెండు గ్లాసులు కడిగితే వీధికి నిద్ర పడుతుందా?

ఎదురింటి వరహాలమ్మ ముందు మొదలెట్టింది.

"దుర్గొదినా, మధ్యాహ్నం మీ పెరట్లో ఎవరో దగ్గినట్టు వినపడిందండి."

"దగ్గే ఉంటారు."

"మగ దగ్గులా వుందండి మరి."

"ఆయ్. మగాయనే."

వరహాలమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "ఈ వయసులో మీకు తోడేంటి వదినా!"

"ఏ వయసులో కావాలంటావు తోడు? ఇరవయ్యేళ్ళప్పుడు ఊరంతా తోడే కదా," అన్నాను.

తాటిపాకలో ఉండే మా కోడలు లక్ష్మీతులసి ఆదివారం వచ్చి, అటు తిరిగీ ఇటు తిరిగీ చివరికి అడిగింది. "అత్తయ్యగారూ, మీ అబ్బాయిగారి చెవిన ఏవేవో వేస్తున్నారండి. ఎవరో ఒకాయన వస్తున్నారని..."

"ఒకాయన కాదమ్మా. ఇద్దరొస్తారు," అన్నాను. పాపం, మంచినీళ్ళు తాగుతోంది. పొలమారింది.

వాళ్ళెవరో రాస్తాను. నాకు దాచుకోవలసిన పనేం లేదు. దాచుకుని బతికినవాళ్ళని చూశాను, చాలు.

మా ఆయన అంతర్వేది పల్లిపాలెం నుంచి సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. ఒక తెల్లవారుజామున ఇంట్లో మాటామాటా వచ్చి నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. గుమ్మం దిగుతూ ఆయన "వెళ్ళొస్తానే" అన్నాడు. మా వేపు అలా అన్నవాళ్ళకి "వెళ్ళిరండి" అని తిరిగి చెప్పాలి. నేను చెప్పలేదు. పడవ దొరికింది. ఆయన దొరకలేదు. అప్పటినుంచి నా గుమ్మం దిగేది పాలవాడైనా, పోస్టాయనైనా, ఆ మాట అనకుండా పంపలేదు. నా నోటికి అది అలా పట్టేసింది.

పిల్లాణ్ణి మా అమ్మ దగ్గర పెట్టి ఇంటిపనికి మస్కట్ వెళ్ళేను. అక్కడివాళ్ళ ద్వారా ఇటలీ వెళ్ళేను. లుక్కా అని పాత ఊరు. ఊరి చుట్టూ ఎర్రిటుకల కోటగోడ. ఆ గోడ ఎంత వెడల్పంటే దాని మీదే చెట్లు పెంచేరు, బెంచీలు వేసేరు, జనం సైకిళ్ళు తొక్కుతారు. గోడ మీద తోపులు పెంచే మనుషులుంటారని చెప్తే మా పల్లిపాలెంలో ఎవరూ నమ్మలేదు. లోపలంతా ఇరుకు సందులు, ఎత్తు ఇళ్ళు. మధ్యాహ్నం మాత్రం అచ్చం మన రాజోలే. కొట్లు మూసేస్తారు. కిటికీల ఆకుపచ్చ చెక్క రెక్కలు దగ్గరకేసేసుకుని, పగటిపూటే ఇళ్ళల్లో చీకటి చేసుకుని పడుకుంటారు.

నా పని ఎల్విరా అనే పెద్దావిడకి తోడుండడం. ఎల్విరమ్మగారు అనేదాన్ని. ఎనభై ఒకటి దాటేయి, అయినా నడుం వంగలేదు. భర్త ఎప్పుడో పోయేడు. పిల్లల్లేరు. అక్కకొడుకు ఒకడు వారానికోసారి వచ్చి, ఇల్లంతా వాసన చూసి వెళ్ళేవాడు.

రోజూ మూడింటికి పెరటి తలుపు దగ్గర చేతికర్ర చప్పుడయ్యేది. టక్... టక్. నేను గడియ తీసేదాన్ని. ఆల్దో గారు టోపీ తీసి కొక్కేనికి తగిలించి, కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చేవారు. గడియారాలు బాగుచేసే ఆయన. ఇద్దరూ పేకాడేవారు. నేను కాఫీ ఇచ్చేదాన్ని. ఆట అయ్యేక ఆయన చెయ్యి బల్ల మీద పెట్టేవారు, ఆవిడ దాని మీద తన చెయ్యి పెట్టేవారు. అంతే. నాలుగింటికి, వీధి మళ్ళీ లేచే లోపల, ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అలాగే. మొదట్లో ఆయన భార్య మంచం పట్టి ఉండేదట, వదల్లేకపోయేరు. ఆవిడ పోయేక కూడా, ఊరేమంటుందోనని, కూతురేమంటుందోనని, పెరటి తలుపే. ఊరందరికీ తెలుసు. ఎవరికీ తెలీనట్టు ఉండేవారు.

ఆయన గుమ్మం దిగుతుంటే నేను "వెళ్ళిరండి" అనేదాన్ని, తెలుగులోనే. ఒకరోజు దానర్థం అడిగేరు. వెళ్ళమనడమూ, మళ్ళీ రమ్మనడమూ అని చెప్పేను. చాలా మురిసిపోయేరు. బదులేమనాలో నేర్పమన్నారు. అప్పటినుంచి రోజూ టోపీ పెట్టుకుంటూ "వస్తానండీ" అనేవారు. "అండీ" దగ్గర నాలిక మడతపడేది. ఎల్విరమ్మగారు లోపల్నుంచి పకపకా నవ్వేవారు.

ఆ బల్ల దగ్గరే వాళ్ళిద్దరూ నాకు వాళ్ళ అక్షరాలు దిద్దించేరు. యాభై తొమ్మిదో ఏట. మన అక్షరాలు ఇక్కడికొచ్చేకే వచ్చేయి.

ఒక ఫిబ్రవరిలో ఆల్దో గారు నిద్రలోనే పోయేరు. ఆయన కూతురు కబురంపింది. ఎల్విరమ్మగారు రాకూడదట. మర్యాదగానే రాసింది, కానీ రాకూడదని రాసింది.

ఎల్విరమ్మగారు ఏడవలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చక్కెర డబ్బా కింద పెట్టేరు. "దుర్గా, నువ్వు వెళ్ళు. నిన్నెవరూ చూడరు. మొహం చూసి రా. ఏ రంగు టై కట్టేరో చూసి చెప్పు," అన్నారు.

వెళ్ళేను. చెక్కరెక్కలు మూసిన గది. తెల్ల కలవపూల్లాంటి పువ్వులు, కొవ్వొత్తుల పొగ. పెట్టెలో ఆయన. నల్ల సూటు, నల్ల టై. గోడలకానుకుని నల్లబట్టల్లో జనం. నన్ను నిజంగానే ఎవరూ చూడలేదు. దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడే ఎక్కడో గంట నాలుగు కొట్టింది.

చావింట్లోంచి చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. 'వెళ్ళొస్తాం' అనకూడదు, 'వెళ్ళిరండి' అనకూడదు. మా వేపు పసిపిల్లలకి కూడా తెలుసు. నా చిన్నప్పుడు అలాంటి ఇంటికి తీసుకెళ్తే మా మేనత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి బయటికి తెచ్చేది. అంత తెలిసిన దాన్ని... నాలుగు కొట్టేసరికి, రోజూ ఆ గంటకి ఆ మొహంతో అనే మాట, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"వెళ్ళిరండి బాబుగారూ."

కొవ్వొత్తి ఒకటి చిటపటమంది. అంతకుమించి ఏమీ అవలేదు.

ఇంటికొచ్చి "నల్ల టై అండి" అన్నాను. "ఆయనకి నలుపు గిట్టదు," అన్నారు ఎల్విరమ్మగారు. మిగతాది నేను చెప్పలేదు.

మర్నాడు సమాధి చేసేరు. అక్కడ శ్మశానం గోడలో అరలుంటాయి. పెట్టె లోపల జింకు రేకు పరిచి, అంచులన్నీ తగరం కాచి మాటువేసేసి అరలో తోసేస్తారు. గాలి కూడా దూరదట.

ఆ పై రోజు మధ్యాహ్నం ఎల్విరమ్మగారు బల్ల మీద ఎప్పట్లాగే పేక పంచేరు. రెండు చేతులకి. చూసి కళ్ళనీళ్ళొచ్చేయి. అలవాటు మానుకోడానికి టైం పడుతుంది కదా అనుకున్నాను. వంటింట్లో చీకటి. చెక్కరెక్కల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా నేల మీద పడుతోంది. కాఫీ పొంగబోతోంది.

టక్.

కొబ్బరి మట్ట అనుకున్నాను. అక్కడ కొబ్బరి చెట్లెక్కడివి.

టక్... టక్.

"దుర్గా, తలుపు," అన్నారు ఎల్విరమ్మగారు లోపల్నుంచి. గొంతులో ఆశ్చర్యం లేదు.

గడియ మీద చెయ్యి వేసేను. ఇనుము మంచుగడ్డలా ఉంది. తీసేను. ఎప్పట్లాగే తలుపు వెనకాలకి నిలబడ్డాను, తల దించుకుని. ముందు వాసన వచ్చింది. పువ్వులు, మైనం... వాటి కింద ఇంకోటి. మా చిన్నప్పుడు కళాయి వేసేవాడు వీధి చివర కొలిమి పెట్టుకుంటే ఊరంతా పాకే వాసన. కాగిన తగరం వాసన.

కొక్కేనికి టోపీ తగిలిన చప్పుడు. కాళ్ళు తుడుచుకున్న చప్పుడు.

వీపు గోడ వేపు ఉంచుకుని ఆయన నడిచెళ్ళేరు. నల్ల సూటు, నల్ల టై. మొహం శుభ్రంగా ఉంది. శుభ్రంగా గీసి, దువ్వి, పౌడరు రాసి... నేను పెట్టెలో చూసిన మొహమే. కళ్ళు మాత్రం తెరిచున్నాయి.

ఎల్విరమ్మగారు నవ్వేరు. "ఆలస్యం చేశావు," అన్నారు.

కాఫీ పట్టుకెళ్ళేను. కప్పులు బల్ల మీద పెట్టి పక్కకి జరిగేను. ఆయన పేకముక్క తీసేరు. ముక్క వేసేరు. మాట లేదు. ఎల్విరమ్మగారు మాత్రం ఊరి సంగతులన్నీ చెప్తున్నారు, రెండ్రోజులుగా దాచిపెట్టినట్టు. చివరికి ఆయన చెయ్యి బల్ల మీద పెట్టేరు. ఆవిడ దాని మీద తన చెయ్యి పెట్టేరు. నేను చూస్తుండగానే ఆవిడ వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. సున్నం ముట్టుకున్నట్టు.

నాలుగు కొట్టింది. ఆయన లేచేరు. టోపీ అందుకోడానికి అటు తిరిగేరు.

అప్పుడు చూశాను.

వెనక లేదు. కోటు వెనక మెడ నుంచి కింద దాకా కత్తెరతో చీల్చేసి, మధ్యలో రెండు తెల్ల నాడాలతో ముడేసి ఉంది. చొక్కా కూడా అంతే. ఆ సందులోంచి వీపు... కమిలిన నేరేడుపండు రంగు.

ఆయన గుమ్మం దగ్గర ఆగేరు. నా వేపు తిరగలేదు. ఆగి... నిలబడ్డారు.

నా మాట కోసం.

నేను అనలేదు. పళ్ళు బిగించేను. నాలుగుంపావు అయింది. నాలుగున్నర అయింది. సందులో కొట్ల తలుపులు తీస్తున్నారు. ఆయన కదల్లేదు. చల్లదనం గుమ్మం నుంచి ఇంట్లోకి పాకుతోంది. లోపల ఎల్విరమ్మగారు దగ్గేరు, ఒకసారి, రెండుసార్లు, తెరిపి లేకుండా. ఐదు కొట్టింది.

ఆ దగ్గు వినలేక అనేశాను. "వెళ్ళిరండి."

"వస్తానండీ," అన్నారు ఆల్దో గారు. ఈసారి నాలిక మడతపడలేదు. పుట్టినప్పటినుంచీ గోదావరి నీళ్ళు తాగినవాడిలా, స్పష్టంగా.

వెళ్ళేరు. మర్నాడు మూడింటికి వచ్చేరు.

నేను ఎల్విరమ్మగారి కాళ్ళ దగ్గర కూచుని అంతా చెప్పేశాను, ఆ గదిలో నోరు జారిన సంగతి. అనకపోతే ఆయన కదలరు, అంటే మళ్ళీ వస్తారు, ఏం చెయ్యమంటారని అడిగేను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసేరు. ఆ చెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఉంది.

"నువ్వు పిలిచేవన్నమాట! నేనింకా నా కోసం ఆయనే వచ్చేడనుకున్నాను," అని నవ్వేరు.

"ఆ కోటు చూశారా అమ్మగారూ..."

"చూశాను. పోయినవాళ్ళకి బట్టలు తొడగడం కష్టం దుర్గా. ఒళ్ళు బిగుసుకుపోతుంది. అందుకని వెనక చీల్చి తొడుగుతారు. చూసేవాళ్ళకి ముందు బాగుంటే చాలు." నా తల నిమిరి, "మేమిద్దరం ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కోటే తొడుక్కున్నాం," అన్నారు.

"మీ చెయ్యి చూసుకోండి. ఆయన మిమ్మల్ని తీసుకుపోతారు."

"నేను లేనా? నన్నడక్కుండా ఎవరు తీసుకుపోతారు?"

ఆ వారం చెయ్యి మోచేతి దాకా తెల్లబడింది. ఒకరోజు నేను తెగించి, గుమ్మంలో ఆ మాట బదులు "ఇంక రాకండి" అన్నాను. ఆయన మొదటిసారి నా వేపు తిరిగేరు. కోపం లేదు ఆ మొహంలో. తెలిసినవాళ్ళే గుమ్మం బయట నిలబెడితే మనిషి మొహం ఎలా అవుతుందో అలా అయింది. అలాగే ఆరింటి దాకా నిలబడ్డారు. సిగ్గేసింది నాకు. భయంతో పాటు సిగ్గు కూడా వేస్తుందని అప్పుడే తెలిసింది. చివరికి నేనే దిగొచ్చేను. "తప్పయింది బాబుగారూ. వెళ్ళిరండి."

అక్కకొడుకు వచ్చేడు. మధ్యాహ్నాలు ఆవిడ ఒక్కత్తే మాట్లాడుకుంటోందని, నవ్వుతోందని పక్కింటివాళ్ళు చెప్పేరట. శనివారం నాలుగున్నరకి కారు తెస్తాడట. ముసలివాళ్ళుండే ఇంట్లో చేర్పిస్తాడట. అక్కడ తలుపులకి లోపలి గడియలుండవు, వచ్చేవాళ్ళ పేర్లు ముందే రాసివ్వాలి.

"ఆల్దో పేరు రాస్తారా?" అని అడిగేరు ఎల్విరమ్మగారు.

అతను నా వేపు చూసి తల తిప్పుకున్నాడు.

శనివారం పొద్దున్న ఆవిడ తలంటు పోసుకున్నారు. ఆకుపచ్చ కోటు తీయించేరు, పాతికేళ్ళ నాటిది. పెదాలకి రంగు. చెవులకి ముత్యాలు. ఎడమ చెయ్యి భుజం దాకా తెల్లరాయిలా వేలాడుతోంది. కుడిచేత్తోనే అన్నీ చేసుకున్నారు.

మూడింటికి టక్... టక్. ఆయన వచ్చేరు. ఆవిడ పేక పంచలేదు. లేచి నిలబడ్డారు.

"దుర్గా, కిటికీలు తియ్యి."

"అమ్మగారూ..."

"అన్నీ తియ్యి."

తీసేను. చెక్కరెక్కలు గోడలకేసి కొట్టుకుంటే సందంతా మోగింది. ఎండ ఇంట్లోకి దూకింది. ఆ వెలుగులో ఆల్దో గారు ఎలా ఉన్నారో రాయను. పౌడరు సరిపోలేదు, అంతే రాస్తాను.

"ఇప్పుడు వీధి తలుపు."

నేను ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్ళలో ఆయన ఆ తలుపు దాటడం చూడలేదు. పెద్ద చెక్క తలుపు. గడియ లాగుతుంటే కీచుమంది. ఎదుటి ఇళ్ళల్లో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తలలు బయటికొచ్చేయి. ఎల్విరమ్మగారు ఆ తలలన్నిటికీ వినపడేలా, "రా ఆల్దో, గోడ మీద కాసేపు తిరిగొద్దాం," అన్నారు. ఆయన మోచెయ్యి వంచేరు. ఆవిడ చెయ్యి వేసేరు.

ఆయన వీపు నా వేపుంది. ఆ నాడాలు, ఆ చీలిక, ఆ రంగు... అలా నడిచెళ్తే సందంతా వెనకనుంచి చూస్తుంది కదా అనిపించింది నాకు. వాళ్ళకి కనపడతాడో లేదో నాకేం తెలుసు. నా పెట్టెలో బండారులంక నేత చీర ఒకటుంది, నీలం రంగుది, పండక్కి కూడా కట్టకుండా దాచుకున్నది. పరుగున తెచ్చి, మడతల్తోనే ఆయన భుజాల మీంచి కప్పేను. నా వేళ్ళు ఆ మెడకి తగిలేయి. రొయ్యల ఐసుపెట్టెలో చెయ్యి పెట్టినట్టు.

"నీలం," అన్నారు ఎల్విరమ్మగారు. "ఇప్పుడు బాగున్నావు."

గుమ్మం దిగేరు. దిగి, ఆవిడ ఆగేరు. నా వేపు తిరగలేదు. ఆగి... నిలబడ్డారు.

నాకు అర్థమైంది. ఈసారి నోరు జారడానికి లేదు. ఈసారి అంటే, తెలిసి అనడమే. మా మేనత్త చెయ్యి నా నోటి మీద ఉన్నట్టే ఉంది. కానీ మా ఆయన పడవ కూడా కళ్ళముందు ఉంది. ముప్ఫై ఏళ్ళు ఎవరూ వీధి గుమ్మంలో నిలబడి వీళ్ళని పంపలేదు. ఎవరూ మళ్ళీ రమ్మనలేదు. నేను కూడా అనకపోతే ఇంకెవరంటారు?

గట్టిగా అన్నాను. కిటికీల్లో వాళ్ళందరికీ వినపడాలని అన్నాను. "ఇద్దరూ వెళ్ళిరండి!"

"వస్తాను దుర్గా," అన్నారు ఎల్విరమ్మగారు. తెలుగులో.

నాలుగున్నరకి కారొచ్చింది. ఆవిడ కోటగోడ మీద బెంచీలో దొరికేరు, కూర్చున్నట్టే, కుడి మోచెయ్యి పక్కవాళ్ళ చేతిలో ఉన్నట్టు వంగి. ఒక్కావిడే నడిచెళ్ళిందని సందులో వాళ్ళందరూ చెప్పేరు. నీలం చీర మాత్రం ఎవరూ చూడలేదు. ఎక్కడా దొరకలేదు.

నేను రాజోలు వచ్చేసి నాలుగేళ్ళయింది. మొదటి ఏడాది ఏమీ లేదు. తరవాత ఒక మధ్యాహ్నం, అందరూ పడుకున్న వేళ, పెరటి తలుపు దగ్గర టక్... టక్ మంది. గడియ తీసేను. కళాయి వాసన. నా నీలం చీర కొక్కేనికి తగిలించి ఉంది, తడితడిగా.

భయపడలేదని అనను. కానీ రమ్మన్నది నేను. రమ్మని, వచ్చేక తలుపెయ్యడం మా ఇంటా వంటా లేదు. కాఫీ పెట్టేను. అప్పటినుంచి రోజూ పెడుతున్నాను. ఎల్విరమ్మగారి ఆకుపచ్చ కోటు వెనకా అలాగే ఉంది, నాడాలతో. నేనిప్పుడు అటు చూడడం మానేశాను. నాలుగింటికి ఆ మాట అంటాను, వాళ్ళు వెళ్తారు.

ఈ మధ్య ఎల్విరమ్మగారు మూడు చేతులకి పేక పంచుతున్నారు. మూడో కుర్చీ ఆవిడే లాగేరు. ఆ ఇంట్లో ఆరేళ్ళు నేను తలుపు వెనక నిలబడ్డదాన్నే. నన్ను బల్ల దగ్గరికి ఎవరూ ఆటకి పిలవలేదు. కూర్చున్నాను. ఆడేను. రెండాటలు గెలిచేను కూడా.

మొన్న ట్రంకుపెట్టె తీస్తే, నీలం చీర మీదకి నేను కుట్టించుకున్న జాకెట్టు పైనే ఉంది. ముందు హుక్కులన్నీ పెట్టి ఉన్నాయి. వెనక, మెడ నుంచి అంచు దాకా, చీల్చి ఉంది. రెండు తెల్ల నాడాలు కుట్టి ఉన్నాయి.

నాకు భయం కాదు, మంట పుట్టింది. నేను ఎప్పుడు పోవాలో ఎవరూ కొలత తియ్యక్కర్లేదు. పోయినా, వెనక చీల్చిన బట్ట తొడుక్కుని పోను. సూదీ దారం తీసి కుట్టేశాను. మర్నాటికి మళ్ళీ చీలి ఉంది. మళ్ళీ కుట్టేను. మళ్ళీ...

నిన్న ఇంకోటి చేసేను. పెరటి తలుపుకి లోపలినుంచి తాళం వేసేశాను. మూడు కాకుండానే వీధి తలుపు బార్లా తీసి, అరుగు మీద కూర్చుని, అందరికీ కనపడేలా ఆ జాకెట్టు కుట్టడం మొదలెట్టేను. వచ్చేవాళ్ళు ఇటునుంచే రావాలి. ఊరు చూడాలి.

వరహాలమ్మ నిద్ర మానుకుని తన అరుగు మీదకొచ్చింది. "ఏం కుడుతున్నారండి వదినా?"

"చూడు," అని చూపించేను.

దగ్గరకొచ్చి పట్టుకు చూసింది. "ఎవరో గానీ మంచి పనివాళ్ళండి. పిసరంత వంకర లేదు." నాడా లాగి చూసి వెంటనే వదిలేసింది. "తడిగా ఉందేంటి?"

"మా వాళ్ళొస్తారు ఇవాళ. ఈ తలుపునే వస్తారు. ఉండు, చూద్దువుగాని."

"ఆయ్, ఉంటానండి. ఆ మగాయన్ని చూడకుండా కదుల్తానా!" అని నవ్వింది.

మూడయింది. వీధిలో ఎవరూ లేరు. ఎండ. కాలవ వేపు నుంచి గాలి కూడా లేదు. నేను కుట్టు మీద కళ్ళు పెట్టుకునే ఉన్నాను.

వరహాలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆవిడ వీధి వేపు చూడ్డం లేదు. నా భుజం మీంచి, ఇంట్లోకి చూస్తోంది.

లోపల గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. ఒక గ్లాసు. రెండో గ్లాసు. మూడోది.

"వదినా..." అని లోపలికి వేలు చూపించింది. "మీరు ఇక్కడున్నారు కదండి. మరి లోపల అటు తిరిగి... మీ నీలం చీర కట్టుకుని... కాఫీ కలుపుతున్నదెవరు?"

నేను వెనక్కి తిరగలేదు. "ఎవరైతే ఏం వరహాలమ్మా. ఎలాగూ కలిపింది కదా. రా, తాగి వెళ్ళు," అన్నాను.

ఆవిడ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. "వెళ్ళిరా!" అని వెనకనుంచి కేకేశాను.

ఆఖరి కుట్టు మిగిలింది. వేద్దామని కిందకి చూసుకున్నాను. సూది జాకెట్టులో లేదు. నా చూపుడువేలి ఈ పక్కనుంచి ఆ పక్కకి దిగిపోయి ఉంది. నొప్పి లేదు. మెల్లగా లాగేను.

నెత్తుటి చుక్క అంటకుండా, దారం వేలి అవతలికి తెల్లగా, పొడిగా వచ్చింది.